ఆపే అధికారం ఎవరిది? వాషింగ్టన్ మెట్రో మీద ఒక కేస్ స్టడీ

2009 జూన్ 22, సాయంత్రం అయిదు కావస్తోంది. వాషింగ్టన్ మెట్రో రెడ్ లైన్‌లో ఫోర్ట్ టాటన్ స్టేషన్ దగ్గర ఒక రైలు ఆగి ఉంది. వెనకనుంచి వచ్చిన మరో రైలు దాన్ని గుద్దింది. ఎనిమిది మంది ప్రయాణికులు, వెనక రైలు నడుపుతున్న ఆపరేటర్ చనిపోయారు. ఆ మెట్రో చరిత్రలో అంతమంది ప్రాణాలు తీసిన ప్రమాదం అంతకుముందు లేదు, ఆ తరవాత కూడా లేదు.

ప్రజాసంస్థల ఆడిట్ నా ఉద్యోగం. రవాణా సంస్థల లెక్కలతోపాటు బోర్డు కాగితాలు, మెయింటెనెన్స్ రికార్డులు, భద్రతా నివేదికలు చూడటం అందులో భాగం. కొత్తగా చేరినవాళ్లకు జవాబుదారీతనం గురించి చెప్పాల్సి వస్తే నేను ఎక్కువగా ఈ కేసే తీసుకుంటాను. జవాబుదారీతనం లేదు అనగానే మనకు గుట్టుగా నడిచే సంస్థ, అడిగే దిక్కులేని వ్యవహారం గుర్తొస్తాయి. ఇక్కడ పరిస్థితి అది కాదు. బోర్డు సమావేశాలు బహిరంగంగానే జరిగేవి. సంస్థలో తప్పులు వెతికే స్వతంత్ర అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, ఉన్నారు. భద్రత చూడటానికి విడిగా ఒక కమిటీ ఉంది. ప్రమాదం జరిగితే దర్యాప్తు చేసే జాతీయ రవాణా భద్రతా బోర్డు, అంటే ఎన్‌టీఎస్‌బీ, ఉంది. వెంటపడే పత్రికలూ ఉన్నాయి. ఇంతమంది చూస్తున్న చోట తొమ్మిది ప్రాణాలు పోయాయి. చూసినవాళ్లలో రైలు ఆపగలిగినవాళ్లు ఎవరు అన్నదే ఈ కేసులో నేను వెతికేది.

సర్క్యూట్ దగ్గర ఏం జరిగింది

సాంకేతిక విషయం కాస్త చెప్పుకోక తప్పదు. పట్టాలను ముక్కలు ముక్కలుగా విడదీసి ప్రతి ముక్కలోకీ ఒక విద్యుత్ సంకేతం పంపుతారు. దీన్నే ట్రాక్ సర్క్యూట్ అంటారు. ఆ ముక్క మీద రైలు ఉంటే చక్రాలు, ఇరుసు ఆ సంకేతాన్ని అవతలికి పోనివ్వవు. సంకేతం అందకపోతే రైలు ఉన్నట్టు, అందితే ఖాళీగా ఉన్నట్టు లెక్క. ఆ లెక్క ప్రకారమే వెనక వచ్చే రైలుకు ఎంత వేగంతో రావాలో ఆదేశం వెళ్తుంది.

ప్రమాదానికి అయిదు రోజుల ముందు, జూన్ 17న, బీ2-304 అనే సర్క్యూట్‌లో ఇంపీడెన్స్ బాండ్ అనే పరికరాన్ని మార్చారు. అప్పటినుంచి ఆ ముక్క రైళ్లను సరిగా గుర్తించడం మానేసింది. సర్క్యూట్‌ను నడిపే పాత ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లలో పుట్టిన అక్కర్లేని సంకేతం ఒకటి రిసీవర్‌కు చేరి, రైలు ఉన్నా ఖాళీ అని చూపిస్తోంది. పరికరం మార్చిన సిబ్బందికే సర్క్యూట్ నిలకడగా లేదని కనిపించింది. వర్క్ ఆర్డర్ తెరిచారు. ఆ వర్క్ ఆర్డర్ మీద పని మొదలుకాకముందే 22వ తేదీ వచ్చింది.

ఈ అయిదు రోజులూ అదే దారిలో రైళ్లు తిరుగుతూనే ఉన్నాయి. వేగంగా వచ్చే రైలు ఆ ముక్కలోకి రాగానే ఆదేశం సున్నాకు పడిపోయినా, వచ్చిన ఊపుతో అవతలి ముక్కలోకి వెళ్లిపోయేది. 22న ముందున్న రైలు మాన్యువల్‌గా నడుస్తోంది, వేగం తక్కువ. సరిగ్గా ఆ ముక్కలోనే ఆగిపోయింది. వెనక రైలుకు దారి ఖాళీ అని, గంటకు 55 మైళ్ల వేగంతో రావచ్చని ఆదేశం అందింది.

కంట్రోల్ రూమ్‌కు ఏమీ తెలియదా అంటే, తెలిసే ఏర్పాటు ఉంది. సర్క్యూట్లు తడబడితే అలారం వస్తుంది. కాకపోతే అలాంటి అలారాలు వారానికి వేలల్లో వచ్చేవి, వాటిలో ఎక్కువ భాగం పట్టించుకోనక్కర్లేనివే. అన్ని అలారాల మధ్య ఈ ఒక్కదాన్ని వేరుచేసి చూడమని మనిషిని అడగటం న్యాయం కాదు. ఆడిట్‌లో చాలామంది ఇక్కడే పొరపడతారు. అలారం వ్యవస్థ ఉందా? ఉంది. టిక్ పెట్టేస్తారు. రోజుకు ఎన్ని వస్తున్నాయి, ఎన్నింటి మీద మనిషి కదులుతున్నాడు అని అడగరు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది 2005 నాటి సంగతి. రోస్లిన్ స్టేషన్ దగ్గర ఇలాగే సర్క్యూట్ రైలును గుర్తించక, రైళ్లు ఒకదాని వెనక ఒకటి ప్రమాదకరంగా దగ్గరికి వచ్చాయి. ఆపరేటర్లు సొంత కళ్లతో చూసి బ్రేక్ వేయబట్టి గండం గడిచింది. ఆ తరవాత సంస్థ ఇంజనీర్లే ఇలాంటి లోపాన్ని పట్టుకునే పరీక్షా విధానం ఒకటి తయారుచేశారు. మంచి విధానం. 2009 నాటికి అది అంతటా అమల్లోకి రాలేదు. ఆ పరీక్ష చేసి ఉంటే కొత్త బాండ్ పెట్టిన రోజే లోపం బయటపడేదని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

ఇంకొకటి బోగీల విషయం. 2004లో వుడ్లీ పార్క్ స్టేషన్‌లో ఒక రైలు వెనక్కి జారి మరో రైలును గుద్దింది. మొదటి తరం 1000 సిరీస్ బోగీలు గుద్దుకుంటే ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతున్నాయని, వాటిని బలపరచండి లేదా తీసేయండని 2006లో ఎన్‌టీఎస్‌బీ సిఫారసు చేసింది. సంస్థ కుదరదంది. పన్ను లాభాల కోసం ఆ బోగీలను అమ్మి తిరిగి లీజుకు తీసుకున్న ఒప్పందాలు 2014 దాకా ఉన్నాయని, డబ్బు కూడా లేదని జవాబిచ్చింది. 2009లో వెనకనుంచి వచ్చి గుద్దిన రైలు ముందు బోగీ 1000 సిరీస్‌దే. అందులో 63 అడుగుల మేర మనిషి బతికే జాగా లేకుండా నుజ్జయింది.

ఆ జవాబులో దాచిందేమీ లేదు. మేం చేయం, కారణం ఇదీ అని రాతపూర్వకంగా చెప్పారు. జవాబు చెప్పడం వరకే జవాబుదారీతనం అయితే సంస్థ ఆ పని చేసేసినట్టే. సిఫారసు చేసినవాళ్లకు దాన్ని అమలు చేయించే అధికారం చట్టంలో లేదు. ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తు చేస్తుంది, సిఫారసు చేస్తుంది, ఆ సిఫారసు పక్కన సంతృప్తికరం కాదని రాస్తుంది. అక్కడితో దాని పని అయిపోతుంది.

మూడు ప్రభుత్వాల బిడ్డ

ఈ మెట్రో సంస్థ ఎవరిది అన్న ప్రశ్నకే ఒక్క జవాబు లేదు. కొలంబియా డిస్ట్రిక్ట్ (అంటే వాషింగ్టన్ నగరం), పక్క రాష్ట్రాలైన మేరీలాండ్, వర్జీనియా కలిసి కుదుర్చుకున్న ఒప్పందంతో 1967లో పుట్టింది. 1976లో మొదటి రైలు నడిచింది. బోర్డులో ఆ మూడింటి నుంచీ సభ్యులు, 2008 చట్టం తరవాత ఫెడరల్ ప్రభుత్వం నుంచీ సభ్యులు. ఓటున్న సభ్యులు ఎనిమిది మంది, వాళ్లు రానప్పుడు కూర్చునే ప్రత్యామ్నాయ సభ్యులు మరో ఎనిమిది మంది. మూడు ప్రాంతాల్లో ప్రతిదాని నుంచీ కనీసం ఒక ఓటు అనుకూలంగా పడితేనే నిర్ణయం చెల్లుతుంది. అంటే ఏ ఒక్క ప్రాంతమైనా అడ్డుపడి ఆపేయొచ్చు.

పేరుకు ఇది బోర్డు. సభ్యులు మాత్రం తమను పంపిన ప్రభుత్వానికి బిల్లు ఎంత పడుతుందో చూసుకోవడానికి కూర్చున్నవాళ్లు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లను పంపిందే అందుకు. పైగా ఈ మెట్రోకు 2018 దాకా తనదంటూ ఒక పన్ను ఆదాయం లేదు. ఏటా మూడు ప్రభుత్వాల బడ్జెట్ల ముందు చెయ్యి చాచాల్సిందే. అలాంటి చోట కొత్త స్టేషన్‌కు రిబ్బన్ కట్ చేయడానికి డబ్బు దొరుకుతుంది. సొరంగంలో కేబుల్ చివర పెట్టే తొడుగుకు దొరకడం కష్టం.

మరి భద్రత సంగతి? 1991 చట్టం ప్రకారం పట్టణ రైలు భద్రతను రాష్ట్రాలే చూసుకోవాలి. ఫెడరల్ ట్రాన్సిట్ విభాగం, ఎఫ్‌టీఏ, డబ్బు ఇవ్వగలదు కానీ భద్రతా నిబంధనలు పెట్టే అధికారం అప్పట్లో దానికి లేదు. అందుకని మూడు ప్రాంతాలు కలిసి 1997లో ట్రై-స్టేట్ ఓవర్‌సైట్ కమిటీని పెట్టాయి. సభ్యులు ఆ మూడు ప్రభుత్వాల ఉద్యోగులే. జరిమానా వేయలేరు, ఉత్తర్వు ఇవ్వలేరు, రైలు ఆపలేరు. ఏదైనా పెద్ద నిర్ణయం కావాలంటే ఎవరి ప్రభుత్వాన్ని వాళ్లు అడిగి రావాలి.

2009లోనే పత్రికలు బయటపెట్టిన విషయం ఒకటుంది. రైళ్లు నడుస్తున్న పట్టాల మీదికి వెళ్లి చూస్తామని ఈ కమిటీ తనిఖీదారులు అడిగితే మెట్రో సంస్థ నెలల తరబడి కుదరదంది. తనిఖీ చేసేవాళ్లకు తనిఖీ చేయించుకునేవాళ్లు అనుమతి ఇవ్వలేదన్నమాట! గొడవయ్యాక గానీ అనుమతి రాలేదు. 2010 జులైలో ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన తుది నివేదికలో ఈ కమిటీ పర్యవేక్షణ పనికిరాకుండా పోవడాన్ని కూడా కారణాల్లో ఒకటిగా రాశారు. జనరల్ మేనేజర్ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తప్పుకున్నారు. మనిషి మారారు. కమిటీ అలాగే ఉంది.

'ముగిసింది' అన్న ముద్ర

ఇక్కడ నా సొంత పనిలోంచి ఒక విషయం చెప్తాను. ఒక రవాణా సంస్థలో, పేరు అనవసరం, భద్రతా లోపాల రిజిస్టర్ చూస్తున్నాను. వరసల్లో లోపం ఏమిటో, ఎవరు చూడాలో, గడువు ఎప్పుడో, చివర స్థితి ఏమిటో రాసి ఉంది. చాలా వాటి ఎదురుగా 'ముగిసింది' అని పడింది. ఒక దానికి ఆధారం చూపించమన్నాను. ఒక మెమో తీసి ఇచ్చారు. సంబంధిత విభాగాలన్నీ ఈ విషయం గమనించి తగు చర్య తీసుకోవలసిందిగా ఆదేశించడమైనది అని ఉంది. మెమో పంపడంతో లోపం ముగిసినట్టు లెక్క. సైట్‌కు వెళ్లి చూద్దామంటే ఆ మెమో రాసినాయనకు ఆ చోటు ఎక్కడుందో తెలియదు.

ఆయనేమీ మోసం చేయలేదు. ఆ రిజిస్టర్‌లో ముగిసినవి ఎన్ని అని ప్రతి నెలా పై అధికారులు అడుగుతారు. శాతం బాగుండాలి. ఎవరూ అడగనిది ముగించింది ఎవరు, లోపం కనిపెట్టిన మనిషి మళ్లీ వెళ్లి చూశాడా అన్నది. 2005 పరీక్షా విధానం వాషింగ్టన్‌లో ఎలా ఆగిపోయి ఉంటుందో నాకు ఆ గదిలో కూర్చున్నప్పుడు బాగా అర్థమైంది. విధానం తయారైంది కాబట్టి పని అయిపోయినట్టే.

2015, సొరంగంలో పొగ

2015 జనవరి 12 మధ్యాహ్నం ల'ఎన్‌ఫాంట్ ప్లాజా స్టేషన్ దాటి కొద్ది దూరం వెళ్లిన రైలు పొగ కమ్ముకుని సొరంగంలో ఆగిపోయింది. రైళ్లకు కరెంట్ అందించడానికి విడిగా ఉండే మూడో పట్టా కేబుల్ దగ్గర షార్ట్ అయింది. చివర్లలో నీరు, మట్టి చేరకుండా ఉండాల్సిన సీళ్లు సరిగా లేవు. ప్రయాణికులు అరగంటకు పైగా ఆ పొగలో చిక్కుకున్నారు. ఒకరు చనిపోయారు, పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. ఫ్యాన్లు తప్పుగా తిప్పడంతో పొగ రైలు వైపే వచ్చింది. సొరంగంలో అగ్నిమాపక సిబ్బంది రేడియోలు పనిచేయలేదు. ఆ రేడియోల సంగతి కొద్దిరోజుల ముందే మెట్రోకు తెలిపారు కూడా.

దర్యాప్తులో తేలినవాటిలో ఒకటి చదివి నేను కాసేపు ఆగిపోయాను. పొగ వస్తోందని ఫిర్యాదు అందితే, అక్కడ ఏముందో చూసి చెప్పమని ప్రయాణికులున్న రైలునే పంపడం అక్కడ అలవాటుగా ఉండేదట.

ఈ మధ్యలో చట్టం మారింది. 2009 ప్రమాదం కూడా ఒక కారణంగా 2012లో వచ్చిన మ్యాప్-21 చట్టం ఎఫ్‌టీఏకు భద్రతా అధికారాలు ఇచ్చింది. రాష్ట్రాల పర్యవేక్షణ సంస్థలకు సొంత చట్టబద్ధ అధికారం, డబ్బు, సిబ్బంది ఉండి తీరాలని కూడా చెప్పింది. మూడు ప్రాంతాలు దాన్ని సాగదీస్తూ వచ్చాయి. 2015 సెప్టెంబర్ చివర ఎన్‌టీఎస్‌బీ ఇక ఓపిక పట్టలేక, ఈ మెట్రో భద్రతను జరిమానాలు వేయగల ఫెడరల్ రైల్‌రోడ్ విభాగానికి అప్పగించమంది. రవాణా మంత్రి ఆంథోనీ ఫాక్స్ అందుకు ఒప్పుకోలేదు. అక్టోబర్‌లో ఎఫ్‌టీఏనే నేరుగా రంగంలోకి దించారు. ఒక నగర మెట్రో భద్రతను ఫెడరల్ ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకోవడం అదే మొదటిసారి.

2016 మార్చి 14న మెక్‌ఫెర్సన్ స్క్వేర్ దగ్గర మళ్లీ అదే తరహా కేబుల్ మంట. కొత్త జనరల్ మేనేజర్ పాల్ వీడెఫెల్డ్ వచ్చి నాలుగు నెలలే అయింది. మర్నాడు సాయంత్రం ఆయన ప్రకటన చేశారు: అర్ధరాత్రి నుంచి మొత్తం వ్యవస్థ బంద్. 29 గంటలపాటు ఒక్క రైలు నడవలేదు. సుమారు 600 కేబుళ్లు చూసి, 26 చోట్ల దెబ్బతిన్నవి పట్టుకున్నారు. జనం తిట్టుకున్నారు, ఆఫీసులు అల్లాడాయి. నా ఉద్దేశంలో మాత్రం ఈ మొత్తం కేసులో అధికారం ఉన్న మనిషి, అది వాడాల్సిన రోజున వాడిన సందర్భం ఇది.

ఇక్కడ మెచ్చుకుని ఆగిపోతే ఆడిట్ కాదు. ఆయన ఆపగలిగారు సరే. ఆయన లేకపోతే? అదే ఏడాది జులైలో ఈస్ట్ ఫాల్స్ చర్చ్ దగ్గర రైలు పట్టాలు తప్పింది. విచారిస్తే అక్కడి ట్రాక్ తనిఖీ రికార్డుల్లో చేయని కొలతలు చేసినట్టు రాశారని తేలింది. ట్రాక్ తనిఖీ విభాగంలో దాదాపు సగం మంది క్రమశిక్షణ చర్య ఎదుర్కొన్నారు. యూనియన్ మాత్రం రాసినా పట్టించుకునే నాథుడు లేడని, పై నుంచి ఒత్తిడి ఉండేదని వాదించింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉండొచ్చు. ఒక్కడు దొంగ లెక్క రాస్తే అది ఆ మనిషి తప్పు. విభాగంలో సగం మంది మీద ఆ ఆరోపణ వచ్చిందంటే, ఆ లెక్కను ఎవరూ చదవడం లేదని వాళ్లందరికీ ముందే తెలుసన్నమాట.

చూసేవాళ్లకు బ్రేక్ ఇచ్చాక

చివరికి కొత్త పర్యవేక్షణ సంస్థ ఎలా వచ్చిందో చూడండి. 2017 ఫిబ్రవరి గడువు దాటినందుకు ఎఫ్‌టీఏ మూడు ప్రాంతాలకూ రావాల్సిన ట్రాన్సిట్ నిధుల్లో 5 శాతం నిలిపేసింది. కొద్ది నెలల్లోనే మూడు ప్రాంతాల ఆమోదాలూ పూర్తయ్యాయి. ఆ ఏడాదే అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆమోదం కూడా వచ్చి వాషింగ్టన్ మెట్రోరైల్ సేఫ్టీ కమిషన్ ఏర్పడింది. 2019 మార్చిలో ఎఫ్‌టీఏ నుంచి బాధ్యత తీసుకుంది. పాత కమిటీకి లేనివన్నీ దీనికున్నాయి. సొంత సిబ్బంది, ఎక్కడికైనా వెళ్లి చూసే హక్కు, ఉత్తర్వులిచ్చే అధికారం, అవసరమైతే రైళ్లను ఆపించే అధికారం. ఫోర్ట్ టాటన్ ప్రమాదం నుంచి లెక్కేస్తే దాదాపు పదేళ్లు పట్టింది.

2021 అక్టోబర్ 12న దాని అసలు పరీక్ష వచ్చింది. ఆర్లింగ్టన్ సిమెట్రీ స్టేషన్ దగ్గర బ్లూ లైన్ రైలు పట్టాలు తప్పింది. లోపల 187 మంది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ రైలు అదే రోజు అంతకుముందు కూడా పట్టా దిగి, దానంతటదే మళ్లీ ఎక్కిందని తరవాత తెలిసింది. కారణం, ఇరుసు మీద గట్టిగా బిగుసుకుని ఉండాల్సిన చక్రాలు బయటికి జరగడం. బోగీ 7000 సిరీస్‌ది. తీసేయమన్న 1000 సిరీస్ స్థానంలో కొన్న కొత్త బోగీలవి.

ఎన్‌టీఎస్‌బీ అధ్యక్షురాలు జెన్నిఫర్ హోమెండీ చెప్పిన అంకెలు ఇవీ. ఇలా చక్రం జరిగిన బోగీలు 2017లో 2, 2018లో 2, 2019లో 4, 2020లో 5, 2021లో ప్రమాదం దాకా 18. ప్రమాదం తరవాత తనిఖీలో ఇంకా కొన్ని దొరికాయి.

శిక్షణలో నేను ఈ అయిదు అంకెలు బోర్డు మీద రాసి, మొదటి నాలుగేళ్లలో ఏ ఏడాదైనా మీరు ఆడిట్ నివేదికలో అభ్యంతరంగా ఒక పేరా రాసేవారా అని అడుగుతాను. వందల బోగీల్లో రెండు. ఎవరూ రాయరు. ఒక్కో ఏడాది ఫైల్ విడిగా చూస్తే పెద్ద విషయంగా కనపడదు, వర్క్‌షాప్‌లో బాగుచేసి పంపేస్తారు. వరసగా పక్కపక్కన పెట్టి చూడటం ఎవరి ఉద్యోగం? అలాంటి ఉద్యోగం ఎవరికీ లేదు. వర్క్‌షాప్‌కు తెలుసు, తయారీదారుకు తెలుసు. ఆపించే అధికారం ఉన్న కమిషన్‌కు మాత్రం ప్రమాదం జరిగాకే తెలిసింది. కొత్త అధికారం వచ్చినా, వార్త పాత దారిలోనే తిరుగుతోంది.

ప్రమాదం జరిగిన అయిదు రోజులకే కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. 7000 సిరీస్ బోగీలు మొత్తం 748, అన్నీ పక్కన పెట్టండి అని. మొత్తం బోగీల్లో ఇవి 60 శాతం. రెడ్ లైన్‌లో 15 నిమిషాలకో రైలు, మిగతా లైన్లలో అరగంటకో రైలు. డిసెంబర్‌లో కొన్ని తిరిగి తెచ్చి, మళ్లీ ఆపాల్సి వచ్చింది. 2022 జూన్‌లో గానీ కొద్దికొద్దిగా రావడం మొదలవలేదు. ఈ ఎనిమిది నెలల నిరీక్షణ ఖర్చు ఎవరిది? రాత్రి షిఫ్ట్ అయ్యాక ప్లాట్‌ఫాం మీద అరగంట నిలబడ్డ మనిషిది. పర్యవేక్షణ గట్టిగా ఉండాలని వాదించేవాళ్లం ఈ లెక్క కూడా చెప్పాలి. నేను ఆ ఉత్తర్వు సరైనదే అంటాను. అయితే 2019లో నాలుగు కేసుల దగ్గరే కమిషన్ చెవిన పడి ఉంటే 748 బోగీలు ఒకేసారి ఆపే అవసరం బహుశా వచ్చేది కాదు.

2022 మేలో ఇంకో దెబ్బ. రైలు నడిపే సుమారు 500 మంది ఆపరేటర్లలో దాదాపు సగం మందికి తిరిగి చేయించుకోవాల్సిన సర్టిఫికేషన్ గడువు దాటిపోయిందని బయటపడింది. రిటైర్ కావడానికి ఇంకా కొద్ది వారాలుండగానే వీడెఫెల్డ్ వెంటనే తప్పుకున్నారు. 2016లో ధైర్యంగా రైళ్లు ఆపిన మనిషే ఆయన. ఒక మంచి అధికారి వల్ల ఒక రోజు గట్టెక్కుతుందేమో. సర్టిఫికెట్ల గడువు చూసే గుమాస్తా స్థాయి పని ఆగిపోతే అది ఆయన దాకా రాదు.

తరవాత వచ్చిన జనరల్ మేనేజర్ ర్యాండీ క్లార్క్‌కూ, కమిషన్‌కూ 2023 మొదట్లో బహిరంగంగానే వాదన నడిచింది. ఆపరేటర్లకు రైలు నడిపే శిక్షణ పూర్తి గంటలు ఇవ్వమని కమిషన్, అలా చేస్తే రైళ్లు ఆలస్యమవుతాయని సంస్థ. ఇది చూసి కొందరు వ్యవస్థ మళ్లీ గాడి తప్పిందన్నారు. నాకు అలా అనిపించలేదు. పాత కమిటీతో ఇలా పోట్లాడాల్సిన అవసరమే మెట్రోకు ఉండేది కాదు, దాన్ని పట్టించుకోకపోతే సరిపోయేది. 2009 ప్రమాదం తరవాత ఆపేసిన ఆటోమేటిక్ నడక 2024 డిసెంబర్‌లో రెడ్ లైన్‌లో తిరిగి మొదలైంది. పదిహేనేళ్ల తరవాత, అదీ కమిషన్ సమ్మతి తెచ్చుకున్నాకే.

డబ్బుతో జవాబు రాబట్టడం

ఇదంతా జరుగుతుండగా 2017లో మాజీ రవాణా మంత్రి రే లహుడ్ ఒక నివేదిక ఇచ్చారు. పదహారు మంది బోర్డును రద్దుచేసి అయిదుగురితో సంస్కరణ బోర్డు పెట్టండి అని ఆయన సలహా. ప్రాంతాలు అంత దూరం పోలేదు. 2018లో మూడూ కలిసి ఏటా 50 కోట్ల డాలర్లు పెట్టుబడి ఖర్చుల కోసం ఇవ్వడానికి చట్టాలు చేశాయి. నలభై ఏళ్లకు పైగా నడిచిన సంస్థకు సొంతమని చెప్పుకోగల ఆదాయం అదే మొదటిసారి.

వర్జీనియా దానికి షరతులు పెట్టింది. ప్రత్యామ్నాయ సభ్యులు బోర్డు పనిలో మామూలుగా పాల్గొంటే తన నిధుల్లో 20 శాతం ఆపేస్తానంది. సభ్యుల సంఖ్యను చట్టం మార్చకుండానే సగానికి తగ్గించే ఉపాయం ఇది, తెలివైనదే. మరో షరతు వర్జీనియా, మేరీలాండ్ రెండూ పెట్టాయి. నిర్వహణ ఖర్చులకు ఇచ్చే సబ్సిడీ ఏడాదికి 3 శాతానికి మించి పెరగకూడదు. ఖర్చు అదుపు తప్పకుండా చూడటమే జవాబుదారీతనం అని దీని వెనక ఆలోచన.

ఈ రెండో షరతు మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. పరిమితి ఖర్చు మొత్తాన్ని చూస్తుంది, దేనికి ఖర్చయిందో చూడదు. బిగించినప్పుడు ముందు తెగేది కనపడని పనే, అంటే తనిఖీ, శిక్షణ, తొడుగులు. కొవిడ్ తరవాత ప్రయాణికులు తగ్గి, ఫెడరల్ సాయం అయిపోవచ్చి, ధరలు పెరిగాక 2025 ఆర్థిక సంవత్సరానికి 75 కోట్ల డాలర్ల లోటు తేలింది. దాన్ని పూడ్చడానికి ఆ 3 శాతం పరిమితిని పెట్టినవాళ్లే పక్కన పెట్టాల్సి వచ్చింది. ప్రయాణికుడికి నేరుగా జవాబు చెప్పిన చిన్న ఏర్పాటు ఒకటి మాత్రం నాకు నచ్చుతుంది. 2018లో మొదలైన రద్దీ వేళల హామీ అది. మొదట్లో ప్రయాణం 15 నిమిషాలో అంతకు మించో ఆలస్యమైతే ఛార్జీ కార్డులోకి తిరిగి వచ్చేది. సంస్థకు అది పెద్ద మొత్తం కాదు. కానీ ఆలస్యం అయిందా లేదా అన్న వాదన ఉండేది కాదు, గేటు దగ్గర నమోదైన సమయమే సాక్ష్యం.

ఈ కేసు చదివాక నా తనిఖీ పద్ధతిలో కొన్ని మారాయి. ఇప్పుడు ఏ రవాణా సంస్థకు వెళ్లినా ముందు నివేదికలు అడగను. గత ఏడాదిలో కింది స్థాయి ఉద్యోగి ఎవరైనా సొంత నిర్ణయంతో రైలు లేదా బస్సు ఆపిన సందర్భాలు, తరవాత ఆ ఉద్యోగికి ఏమైంది అని అడుగుతాను. అసలు అలాంటి సందర్భమే లేదంటే అక్కడినుంచే మొదలుపెడతాను. లోపాల రిజిస్టర్‌లో ముగిసినవాటిలో కొన్ని తీసి, కనిపెట్టిన మనిషినే తీసుకుని ఆ చోటుకు వెళ్తాను. పదేపదే బాగుచేసిన విడిభాగాల జాబితాను అయిదేళ్లకు వర్క్‌షాప్ నుంచే నేరుగా తెప్పించుకుంటాను, హెడ్డాఫీసు సారాంశం వద్దంటాను. పర్యవేక్షణ సంస్థకు ఆ జాబితా కాపీ దానంతటదే వెళ్తుందా, లేక ఎవరైనా పంపాలనుకుంటేనే వెళ్తుందా అన్నది రాసుకుంటాను. బోర్డు మినిట్స్‌లో వాయిదా పడ్డ మరమ్మతుల పక్కన ఎవరి ఓటుతో వాయిదా పడిందో ఉందా అని చూస్తాను. ఈ చివరి అంశం మీద రాసిన పేరాలకే నాకు ఎక్కువ ఫోన్లు వస్తాయి, పేర్లు తీసేయమని.